రుద్రను వాడుకుంటున్నది ఎవరు?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. హనుమకొండలో ఉంటాను. టీనేజి పిల్లల కోసం ఒక గూఢచారి నవల రాస్తున్నాను. కథానాయిక రుద్ర, 16 ఏళ్ల వరంగల్ అమ్మాయి. అనాథ, కరాటేలో బ్లాక్ బెల్టు. ఆమె ధైర్యం చూసి ‘రా’ అధికారి ఒకాయన రహస్యంగా సంస్థలో చేర్చుకుంటాడు. క్షిపణి రహస్యం ఉన్న పెన్‌డ్రైవ్‌ను శత్రుదేశపు ముఠా దొంగిలిస్తుంది. దాని కోసం రుద్ర హైదరాబాద్, దుబాయ్, ఇస్తాంబుల్ తిరుగుతుంది. ఆరు అధ్యాయాలు పూర్తయ్యాయి. స్నేహితులు డబ్బింగ్ సినిమాలా ఉందంటున్నారు. ఇంటర్ చదువుతున్న మా చెల్లెలు మూడో అధ్యాయం దగ్గరే ఆపేసి, ‘ఈ అమ్మాయికి ఏమీ కాదని తెలిసిపోయింది’ అంది. రుద్ర గట్టి పిల్లగా ఉండాలి, కానీ నమ్మేలా ఉండాలి. ఎక్కడ సరిచేయాలి? అసలు వరంగల్‌లో గూఢచారి కథకు తగిన సరుకు ఉందా? మొదటి అధ్యాయం జతచేశాను.
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ నవలకు ఇప్పటిదాకా వచ్చిన అభిప్రాయాల్లో మీ చెల్లెలి మాటే అన్నిటికంటే విలువైనది. పుస్తకం ఎవరి కోసం రాస్తున్నారో ఆ వయసు మనిషి చెప్పిన మాట అది. ఆమె చదవడం ఆపేసింది ఫైట్లు చాలక కాదు. రుద్ర కోసం భయపడే అవకాశం ఆమెకు దొరకలేదు. ఆరు అధ్యాయాలూ పారేయనక్కర్లేదు. నేను చదివినంతలో మార్చవలసినది మొదటి అధ్యాయంలోనే ఉంది. అది ఆ అధికారి.

‘రా’ 1968 సెప్టెంబరులో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ. విదేశాలకు సంబంధించిన సమాచారం సేకరించడం దాని పని. ఒక ఇంటర్ విద్యార్థినిని వెతుక్కుంటూ అది వరంగల్ కాశిబుగ్గ సందుల్లోకి రాదు. మన చట్టం ప్రకారం 18 నిండనివారు పిల్లలు. పిల్లలను చట్టవిరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దవాళ్లకు ఏడేళ్ల వరకు కఠిన శిక్ష వేయవచ్చని 2015 నాటి బాల న్యాయ చట్టం 83వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి రుద్రకు గుర్తింపు కార్డు చూపించి ‘దేశానికి నీ అవసరం ఉంది’ అన్న ఆ పెద్దమనిషి అబద్ధమాడుతున్నాడు. మీరు ఆయన్ను మంచివాడిగా రాశారు. ఆ మెత్తటి గొంతు, చదువు గురించి ఆరా తీసే పద్ధతి, వెళుతూ వెళుతూ ‘జాగ్రత్తమ్మా’ అనడం, ఏదీ మార్చవద్దు. ఆయన అబద్ధాలకోరని రాసే మీకు మొదటి నుంచీ తెలిసి ఉండాలి. రుద్రకు నవల సగంలో తెలియాలి. పాఠకులకు మాత్రం ఆమె కంటే కాస్త ముందు అనుమానం మొదలవాలి.

ఈ ఒక్క మార్పుతో మీ నవల వేరే నవల అవుతుంది. శత్రుదేశాన్ని ఓడించడం రుద్రకు తేలిక, ఎందుకంటే మీరు ఓడిపోనివ్వరు. తనను మెచ్చుకున్న మొదటి మనిషి తనను వాడుకుంటున్నాడని ఒప్పుకోవడం మాత్రం ఏ పదహారేళ్ల పిల్లకూ తేలిక కాదు. అక్కడ ఆమె గట్టితనం బయటపడుతుంది. పిల్లలను దగ్గర చేసుకునేవాళ్లు మొదటి రోజే పెద్ద పని చెప్పరు. ఒక కవరు ఇచ్చి ఫలానా చోట ఇచ్చి రమ్మంటారు. తర్వాత ఒక గేటు ఫోటో తీయమంటారు. ప్రతి పని తర్వాత ఒక మెచ్చుకోలు, ‘ఇంట్లో చెప్పకు, వాళ్లకు అర్థం కాదు’ అనే ఒక మాట. మీ పాఠకుల్లో కొందరికి ఈ మాట ఇప్పటికే ఫోనులో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల నుంచి వచ్చి ఉంటుంది. ఆ పిల్లలు ఈ పేజీల దగ్గర ఆగి తమ సంగతి ఆలోచించుకుంటే, మీరు రాసిన పుస్తకం కాలక్షేపం కంటే పెద్ద పని చేసినట్టు. అందుకే ఈ భాగాన్ని తొందరపడి దాటవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను. కనీసం రెండు అధ్యాయాలు దీనికే ఇవ్వండి.

ఇక రుద్రను ఎందుకు అనాథను చేశారు? అమ్మానాన్నలుంటే రాత్రిపూట బయటికి పంపడం కష్టమని కావచ్చు. ఆ కష్టమే మీకు కావలసింది. తల్లిని తిరిగి తీసుకురండి. ఆమె ఒక విత్తన కంపెనీ శుద్ధి కేంద్రంలో గింజలు గ్రేడింగ్ చేసే దినకూలీ అనుకోండి. తండ్రి వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో హమాలీ. ఆ అధికారి రుద్రను ఎంచుకున్నది ఆమె ధైర్యం చూసి కాదు, ఆమె తల్లి పనిచేసే చోటు చూసి. ఆయన దొంగిలించాలనుకున్నది అక్కడే ఉంది, అదేమిటో కింద చెబుతాను. ఈ సంగతి రుద్రకు తెలిసే సన్నివేశం మీరు రాయబోయే అన్ని పోరాటాలకంటే ఎక్కువగా చదివేవారిని కుదిపేస్తుంది. నిజం చెబితే తల్లి ఉద్యోగం పోతుంది, ఆమె మీదే దొంగతనం పడవచ్చు. చెప్పకపోతే ఆ మనిషి అడిగేవి పెరుగుతూ పోతాయి. రుద్రకు ఏదైనా కావచ్చు అని ఇప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది.

క్షిపణి రహస్యాన్ని పక్కన పెట్టండి. మీ దగ్గర అంతకంటే మంచి రహస్యం ఉంది. హుజూరాబాద్, జమ్మికుంట ప్రాంతాల్లో యాసంగిలో హైబ్రిడ్ వరి విత్తనం పండించే పొలాలు ఎప్పుడైనా చూశారా? కొన్ని వరుసలు ఆడ రకం, వాటి మధ్య కొన్ని మగ రకం. పూత సమయంలో పొద్దెక్కాక ఇద్దరు మనుషులు మడికి అటొకరు ఇటొకరు నిలబడి, తాడును పైరు మీదుగా లాగుతారు. మగ వరుసల పుప్పొడి లేచి ఆడ వరుసల మీద పడుతుంది. ఆడ రకంలో సొంత పుప్పొడి పనిచేయదు, కాబట్టి దాని మీద కాసిన గింజ హైబ్రిడ్ విత్తనం అవుతుంది. కంపెనీ కొనేది దాన్ని. ఆడ రకాన్ని ఆడ రకంగానే పెంచుకోవాలంటే ఇంకో రకం కావాలి. ఆ మూడో రకాన్ని విత్తనం పండించే రైతుకు ఇవ్వరు, కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది.

మీ దొంగలకు ఏం కావాలో ఇప్పుడు చూడండి. రైతు పొలంలో పండిన గింజ దొంగిలిస్తే వాళ్లకు ఒక పంట మాత్రమే వస్తుంది. దాన్ని మళ్లీ వేస్తే మొక్కలు ఒకదానికొకటి పోలిక లేకుండా పోతాయి. అసలు ఆడ, మగ రకాల గింజ రైతు చేతికి వచ్చేది నారు పోసే రోజుల్లో. కాబట్టి మొదటి దొంగతనం అప్పుడే జరగాలి. రుద్ర తన మేనమామ పొలానికి వెళ్లి, మిగిలిన విత్తనం నుంచి గుప్పెడు గింజలు జేబులో వేసుకుని రావడం. ‘నకిలీ విత్తనాల ముఠాను పట్టుకోవడానికి నమూనా కావాలి’ అని ఆ అధికారి ఆమెకు చెప్పి ఉంటాడు. నకిలీ విత్తనాలతో నష్టపోయిన రైతుల గోడు వింటూ పెరిగిన పిల్ల ఆ మాట నమ్మకుండా ఎలా ఉంటుంది? మూడో రకం మాత్రం ఒకే చోట ఉంది, తల్లి పనిచేసే ప్రాంగణంలో. కంపెనీ కల్పితం కావాలి, పేరు కూడా మీరే పెట్టండి. పొలం పని మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఒక పొలానికి వెళ్లి తాడు లాగేవాళ్లతో మాట్లాడండి. చేతులకు ఏమవుతుందో, పుప్పొడి కళ్లల్లో పడితే ఎలా ఉంటుందో వాళ్లే చెబుతారు.

ఈ కథకు కాలం కూడా కలిసొస్తుంది. నారు పోసేది చలికాలంలో, పూత ఎండలు ముదిరే వేళకు. సరిగ్గా అప్పుడే యార్డులో మిర్చి పోటెత్తుతుంది, ఇంటర్ పరీక్షలు మొదలవుతాయి. హాల్ టికెట్ ఉన్న గూఢచారికి గడువు మీరు కల్పించనక్కర్లేదు.

యార్డు సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ మొదటి అధ్యాయాన్ని అక్కడికి మార్చాలని నా కోరిక. అధికారి తాను బయటికి మిర్చి ఖరీదుదారుగా తిరుగుతున్నానని రుద్రకు చెప్పాడనుకోండి. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం, అయింది, మంచి సరుకుకు ధర పలికింది. హమాలీలు, తూకం వేసే దడువాయిలు, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తిదారులు ఎవరి పనిలో వాళ్లున్నారు. గాలిలో ఘాటు. కొత్తవాళ్లు దగ్గుతూ కళ్లు తుడుచుకుంటారు, పాతవాళ్లు కండువా ముక్కుకు చుట్టుకుని పని చేసుకుంటూ పోతారు. ఆయన చపాటా మిర్చి కుప్ప దగ్గర ఆగి, పెద్ద అనుభవం ఉన్నవాడిలా ‘ఇది మంచి కారం, ఘాటుకే దీనికి ధర’ అంటాడు. తండ్రికి సద్ది తెచ్చిన రుద్ర వింటుంది. ఘాటుకు పేరు తేజ రకానిది. చపాటా లావుగా, చిక్కటి ఎరుపులో ఉంటుంది. దానికి గిరాకీ రంగు వల్ల, కారం తక్కువ. వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఖరీదుదారు అన్నవాడు ఇందులో పొరబడడు. నిజంగా శిక్షణ పొందిన గూఢచారి అయితే తన వేషం గురించి ముందే చదువుకుని వస్తాడు. రుద్రకు ఆ క్షణంలో నవ్వు రావాలి. పెద్దాయన, ఢిల్లీ మనిషి, మిర్చి సంగతి ఎలా తెలుస్తుంది అని సరిపెట్టుకోవాలి. నూరు పేజీల తర్వాత ఆ నవ్వు ఆమెకు గుర్తొచ్చి నిద్ర పట్టకూడదు.

అనుమానం వచ్చాక ఆమె ఏం చేయాలి? మీ పాత పథకంలో అయితే కాలితో తన్నేది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఒక నియమం ఉంది: ముగ్గురు వేగులు తెచ్చిన సమాచారం ఒకటైతేనే నమ్మాలి. రుద్ర దాన్ని తిప్పి వాడుకోవచ్చు. ఆయన చెప్పిన మూడు సంగతులను మూడు వేర్వేరు చోట్ల, ఒకరికొకరు తెలియకుండా విచారిస్తుంది. ఒకటి మిర్చి. రెండోది, తెల్లవారుజామున ఢిల్లీ రైలు దిగి నేరుగా వచ్చానన్న మాట. హైదరాబాద్, విజయవాడ, బల్లార్ష లైన్లు కలిసే కాజీపేటలో తండ్రి రైల్వే ఉద్యోగి అయిన స్నేహితురాలు ఆమెకు ఉండకుండా ఎలా ఉంటుంది? ఆ రోజు ఆ రైలు ఎన్ని గంటలు ఆలస్యమో ఆ పిల్లకు తెలుసు. మూడోది, గింజలు నకిలీ విత్తనాల ముఠాను పట్టుకోవడానికేనన్న మాట. దాని నిజం తల్లి ద్వారా తెలియాలి, అదీ తల్లికి అనుమానం రాకుండా. ఇది అన్నిటికంటే కష్టం. కూతురు అన్నం కెలుకుతూ కూర్చుంటే ఏదో ఉందని పసిగట్టే తల్లిని దాటడం ఏ కాపలాదారుణ్ని దాటడం కన్నా తేలిక కాదు. ఈ మూడూ కథను ముందుకు నడిపిస్తాయి, రుద్ర తెలివిని మీరు పొగడకుండానే చూపిస్తాయి.

గట్టితనం అనగానే మీరు బ్లాక్ బెల్టు దగ్గరికి ఎందుకు వెళ్లారో అర్థమైంది. కానీ మన దగ్గరున్న ఉదాహరణలు చూడండి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల వేళ ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర ఒక వాలంటీరు అమ్మాయిని నిలబెట్టి, టికెట్ లేనివారిని పంపవద్దన్నారు. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వచ్చారు. ఆ అమ్మాయి ఆపేసింది. నిర్వాహకులు వచ్చి టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్, అప్పటికి 14 ఏళ్లు. మల్లు స్వరాజ్యం తెలంగాణ సాయుధ పోరాటంలోకి వచ్చింది కూడా ఆ వయసుల్లోనే. రాజక్క అనే మారుపేరుతో దళాల్లో తిరిగారు, ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారు. ఆ పోరాటంలో రహస్య ఉత్తరాలు చేరవేసిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం సేకరించి పుస్తకంగా తెచ్చింది. అది తప్పకుండా చదవండి. పేరు మార్చుకుని బతకడం, ఎవరి ఇంట్లో తలదాచుకున్నామో ఎవరికీ చెప్పకుండా ఉండటం మనిషిని ఎలా నలుపుతాయో అలాంటి జ్ఞాపకాల్లో దొరుకుతుంది.

నూర్ ఇనాయత్ ఖాన్ కథ కూడా మీకు తెలియాలి. టిప్పు సుల్తాన్ వంశీకురాలు. 1943 జూన్‌లో బ్రిటన్ ఆమెను నాజీల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌కు రహస్య వైర్‌లెస్ ఆపరేటరుగా పంపింది. శిక్షణ ఇచ్చినవారిలో కొందరికి ఆమె ఈ పనికి పనికొస్తుందనే నమ్మకం లేదు. తోటివాళ్లు వరుసగా పట్టుబడ్డారు, వెనక్కి వచ్చేయమన్నారు. ఆమె రాలేదు, చోట్లు మారుస్తూ సందేశాలు పంపుతూనే ఉంది. శరత్కాలంలో దొరికిపోయింది. విచారణలో రహస్యాలు చెప్పలేదు. 1944 సెప్టెంబరులో డాఖౌ శిబిరంలో చంపేశారు. ఇంత స్థైర్యం ఉన్న మనిషి తాను పంపిన సందేశాలను ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచుకుంది. అది జర్మన్ల చేతికి చిక్కి, ఆమె పేరుతో వాళ్లే సందేశాలు పంపడానికి ఉపయోగపడింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. రుద్రకు కూడా అలాంటి ఒక లోపం ఇవ్వండి. ఆమె మంచితనం నుంచో క్రమశిక్షణ నుంచో పుట్టిన లోపమై ఉండాలి. దాని వల్ల ఎవరికో నిజంగా నష్టం జరగాలి. ఆ నష్టం చివరి పేజీలో మాయమైపోకూడదు.

కరాటే వద్దనను. ఒక్కసారి వాడండి, తప్పించుకుని పరుగెత్తడానికి సరిపడేంత. ఆ పెనుగులాటలో కుడిచేతి వేళ్లు బెణికితే మర్నాడు పరీక్షలో రాయలేకపోవాలి. రుద్ర మనుషుల్ని చంపే సన్నివేశం మీ పథకంలో ఉంటే తీసేయండి. పదహారేళ్ల పిల్ల ఒక ప్రాణం తీసి మరుసటి అధ్యాయంలో చమత్కారంగా మాట్లాడితే నేను ఆ పుస్తకాన్ని ఏ పిల్ల చేతికీ ఇవ్వను.

ఇంకొక మనవి. ఒక పెద్దమనిషి మోసగాడైనంత మాత్రాన పెద్దలందరినీ మోసగాళ్లను చేయవద్దు. రుద్ర చివరికి ఎవరో ఒకరి దగ్గరికి వెళ్లి జరిగినదంతా చెప్పాలి. ఆ మనిషి ఆమెను తిట్టకుండా వినాలి. అది తల్లి కావచ్చు, లెక్చరర్ కావచ్చు, యార్డులో తండ్రితో పనిచేసే ముసలి దడువాయి కావచ్చు. పిల్లల సహాయ నంబరు 1098 కథలో ఎక్కడో సహజంగా కనిపించినా మంచిదే. సమస్యను రుద్ర బుర్రతోనే విప్పనివ్వండి, కానీ బరువంతా ఆమె ఒక్కతే మోసినట్టు రాయవద్దు. ఒంటరిగా మోయడమే గట్టితనమని పిల్లలకు ఇప్పటికే చాలామంది చెబుతున్నారు.

భాష గురించి మీరు అడగలేదు గానీ మొదటి అధ్యాయంలో నన్ను నొప్పించిన విషయం ఒకటుంది. అధికారి, రుద్ర పుస్తకభాషలో మాట్లాడుతున్నారు. టీకొట్టు మనిషి ఒక్కడే వరంగల్ యాసలో, అదీ నవ్వించడానికి. రుద్ర పుట్టి పెరిగింది ఇక్కడే కదా. కథనం మీకు నచ్చిన భాషలో సాగనివ్వండి. ఇంట్లో, యార్డులో, స్నేహితురాలితో మాట్లాడేటప్పుడు ఆమె తన భాషలోనే మాట్లాడాలి, కోపం వచ్చినా ఏడుపు వచ్చినా. అధికారి దగ్గర మాత్రం భాష మార్చుకోవచ్చు, ఆయన మెప్పు కోసం. ఆయన మీద నమ్మకం పోయిన రోజున ఆయనతో కూడా ఇంటి భాషలో మాట్లాడుతుంది. ఆ మార్పును మీరు వివరించనవసరం లేదు, పిల్లలు పట్టుకుంటారు.

దుబాయ్, ఇస్తాంబుల్ అధ్యాయాలను చెరిపేయకుండా వేరే ఫైలులో దాచుకోండి. మైనరుకు పాస్‌పోర్టు కావాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలి, ఇప్పుడు రుద్రకు తల్లిదండ్రులున్నారు కాబట్టి ఈ పుస్తకంలో ఆమె దేశం దాటలేదు. ఆమెకు 18 నిండాక, ఎవరూ పంపకుండా తన సొంత నిర్ణయంతో బయలుదేరే రెండో నవలకు అవి పనికొస్తాయి.